కిలిమంజారో: చెక్క ఇళ్ళ దారి, గుడారాల దారి

ఆఫ్రికాలోని కిలిమంజారో కొండ ఎక్కడానికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి మరంగు దారిలో అయిదు రోజుల ప్రయాణం, రెండోసారి మచామే దారిలో ఏడు రోజులు. ఏది మంచిదని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: పడుకోవడానికి మరంగు, శిఖరం చేరడానికి మచామే.

మరంగులో రాత్రి బస చెక్క ఇళ్ళలో. మందారా బస 2,720 మీటర్ల ఎత్తున, హోరోంబో 3,720, రాతితో కట్టిన కిబో 4,700 పైచిలుకు. మంచం, పరుపు, తల మీద కప్పు ఉంటాయి. బయట వాన కొడుతున్నా పొడి బట్టలతో నిద్రపోవచ్చు. చిక్కంతా ఆ అంకెల్లోనే ఉంది. రోజుకు సుమారు వెయ్యి మీటర్లు ఎక్కి, ఎక్కినచోటే పడుకుంటాం. పలచబడుతున్న గాలికి అలవాటు పడే వ్యవధి ఒంటికి దొరకదు. కిబో చేరేసరికి నాకు తల పగిలేంత నొప్పి, వాంతులు. అర్ధరాత్రి బయల్దేరి గంట నడిచాక గైడు నన్ను ఆపి, నాలుగడుగులు తిన్నగా వేసి చూపించమన్నాడు. వేయలేకపోయాను. దిగిపోదామన్నాడు.

రోజూ పరుగెత్తే అలవాటున్న నేను దిగిపోతే, దారంతా నా వెనకే నడిచిన మా అక్క పైకి వెళ్ళింది. ఎత్తుల్లో వచ్చే జబ్బుకు కండబలంతో పని లేదు. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పడం కష్టం. కొండలు పెట్టే చిక్కుముడుల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా వేధించింది ఇదే.

మచామే దారి ఆ ముడిని కొంత విప్పింది. మూడో రోజు మధ్యాహ్నానికి లావా టవర్ అనే నల్లరాతి గుట్ట దగ్గరికి, సుమారు 4,600 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్ళి, సాయంత్రానికి మళ్ళీ నాలుగు వేల లోపున్న బరాంకో బసకు దింపేస్తారు. కష్టపడి ఎక్కిందంతా దిగుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. కానీ పగలు ఎత్తుకు వెళ్ళి, రాత్రి కింద పడుకోవడమే అక్కడి మందు. బరాంకోలో మనిషిని మించి పెరిగే సెనీషియో చెట్లుంటాయి. ఎండిన ఆకులను రాల్చకుండా కాండానికే చుట్టుకుని చలి కాచుకుంటాయి. ఒక చెట్టును చేత్తో తడిమి చూశాను, గరుకు గొంగళిలా ఉంది.

గుడారంలో సుఖం లేదు. తెల్లారి లేచేసరికి లోపలి గుడ్డ మీద మన ఊపిరే మంచు పొరై కనిపిస్తుంది, జిప్పు లాగితే ముఖాన రాలుతుంది. నీళ్ళసీసాను తలకిందులుగా పెట్టమని గైడు చెప్పాడు. పైనున్న నీరు ముందు గడ్డకడుతుంది కాబట్టి, అలా పెడితే మూత దగ్గర నీరు మిగులుతుంది.

సేవల విషయంలో రెండు ప్రయాణాలకూ పోలికే లేదు. ఈ కొండ మీదికి గైడు లేకుండా వెళ్ళనివ్వరు కాబట్టి, ఎంచుకున్న సంస్థను బట్టే అంతా ఉంటుంది. మొదటి సంస్థ పోర్టర్లలో, అంటే సామాను మోసేవాళ్ళలో, ఇద్దరి బూట్లు చిరిగి ఉన్నాయి. అది చూసి కూడా నేను అడగలేదు, ఇప్పటికీ బాధే. రెండో సంస్థ గైడు ఉదయం, సాయంత్రం రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూపే ఆక్సీమీటర్ వేలికి పెట్టి అంకె రాసుకునేవాడు. "పోలే పోలే" అంటూ, అంటే మెల్లగా మెల్లగా అని, పాదం ముందు పాదం పెట్టించి నడిపించాడు. డబ్బు కట్టే ముందు పోర్టర్లు ఎక్కడ పడుకుంటారో, ఏం తింటారో తప్పక అడగండి.

చివరి బస బరాఫు నుంచి అర్ధరాత్రి ఎక్కడం మొదలుపెట్టాం. కొండ పైఅంచున ఉన్న స్టెల్లా పాయింట్ దగ్గర తెల్లవారింది. మరో గంటకు 5,895 మీటర్ల ఉహురు శిఖరం మీద ఉన్నాను. అక్కడ సముద్రమట్టం దగ్గర దొరికే ప్రాణవాయువులో సగమే దొరుకుతుంది. ఆ వెలుగులో హిమానీనదం లేత నీలంగా మెరుస్తుంటే మాట రాలేదు.

రాత్రి గడ్డకట్టి గట్టిగా ఉన్న కంకర, ఎండెక్కాక చీలమండల దాకా జారింది. సగం దూరం దిగి వెనక్కి తిరిగాను. దీపం వెలుగులో అడుగు మేర మాత్రమే కనిపించిన ఆ వాలు ఎంత నిటారుగా ఉందో అప్పుడు చూశాను.