మూడేళ్లుగా వాడుతున్న గ్లూకోమీటర్

ఈ మీటర్‌లో నాకు బాగా నచ్చింది ఒక్క బటన్. రీడింగ్ రాగానే అది తినకముందుదా, తిన్నాకదా అని గుర్తు పెట్టుకోవచ్చు. కొన్న కొత్తలో దాని జోలికే పోలేదు.

ఒక రాత్రి అన్నం, పప్పు, బెండకాయ వేపుడు తిని టీవీ ముందు కూర్చున్నాను. రెండు గంటలకు చూస్తే 214. మర్నాడు అవే కూరలు, అదే కొలత అన్నం. కాకపోతే తిన్న కాసేపటికి మా విశాఖ బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర్నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం వైపు అటూ ఇటూ అరగంట నడిచాను. 163. నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయని డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు గానీ, ఆ రెండు అంకెలు పక్కపక్కన చూశాక రాత్రి నడక మానలేదు. చోడి (రాగి) అంబలి ఎంత తాగినా పర్వాలేదన్న నమ్మకం కూడా అలాగే పోయింది. ఇప్పుడు చిన్న గ్లాసుడే, దాంతోపాటు ఒక ఉడికిన గుడ్డు.

మొదటి ఏడాది కనిపించిన ప్రతివాళ్లనీ కొనుక్కోమన్నాను. ఇప్పుడు మాత్రం ముందు చేతులు కడుక్కోమని చెబుతున్నాను.

కిందటి వేసవిలో మనవరాలికి బంగినపల్లి పండు కోసిపెట్టి, చేతులు తువ్వాలుకి తుడుచుకుని వేలు గుచ్చుకున్నాను. 348! నేను ఒక్క ముక్క కూడా తినలేదు. మళ్లీ అదే వేలు గుచ్చితే 331. ఒళ్లంతా చెమటలు. మా ఆవిడ ఆటో పిలవమని అబ్బాయిని పంపేసింది. చెప్పులు వేసుకుంటుంటే కోడలు, "మావయ్యా, సబ్బుతో కడిగారా?" అంది. కడిగి, బాగా ఆరాక వేరే వేలు గుచ్చితే 146. వేలికి అంటిన పండు రసం రక్తపు చుక్కలో కలిసిందన్నమాట. కోడలు అడక్కపోతే ఆ టెన్షన్‌లో ఇంకో మాత్ర వేసేసుకునేవాణ్ణి. తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

రక్తపు చుక్క పెట్టే స్ట్రిప్పులకు చెమ్మ పడదు. మన విశాఖ ఉక్కలో డబ్బా మూత సరిగా పెట్టక సగం డబ్బా పారేశాను. పైగా ల్యాబ్‌లో 160 ఉంటే ఇందులో 180 చూపించినా ప్రమాణాల ప్రకారం తప్పు కాదట.

నేను మాత్రల మీదే ఉన్నాను, రిటైరయ్యాను, ఇల్లు బీచ్ దగ్గర. ఇన్సులిన్ తీసుకునేవాళ్ల లెక్క వేరు, వాళ్లు డాక్టర్ని అడగాలి. నా హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే ల్యాబ్ పరీక్ష, 8.1 నుంచి 6.9కి వచ్చింది. అందులో మీటర్ వాటా ఎంతో, నడక వాటా ఎంతో విడదీసి చెప్పలేను. ల్యాబ్ పరీక్ష మాత్రం మూడు నెలలకోసారి చేయిస్తూనే ఉన్నాను.