మాగ్నెటిక్ సైకిల్ ట్రైనర్: మూడేళ్ళ వాడకం తర్వాత

సైకిల్ వెనక చక్రాన్ని ఇనప స్టాండులో బిగించి, టైరుకు ఒక రోలర్ ఆనించి, ఉన్నచోటే తొక్కే సాధనం ఇది. రోలర్ పక్క డబ్బాలో అయస్కాంతాలు, తొక్కే భారాన్ని పెంచి తగ్గించడానికి హ్యాండిల్‌కు తగిలించే ఎనిమిది మెట్ల లీవరు, ఆ రెంటినీ కలిపే కేబులు. ధర పది, పన్నెండు వేల దగ్గర. వారానికి రెండుసార్లకు తగ్గకుండా మూడేళ్ళు వాడాక రాస్తున్నాను. ఉద్యోగం, బడికెళ్ళే పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో ఉంటూ ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే పోటీ) మొదలుపెట్టి, అందరికన్నా వెనక వస్తూ, కొనసాగించాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ళ కోసం ఈ సమీక్ష. వేగంగా తొక్కేవాళ్ళకు ఇంతకన్నా మంచి యంత్రాలున్నాయి.

తీర్పు ముందే చెప్పేస్తాను: కొనండి. కాళ్ళ బలం సంగతి తర్వాత, సాధన ఎగ్గొట్టడానికి దొరికే కారణాలను ఇది ఒక్కొక్కటిగా తీసేస్తుంది. కొత్తవాళ్ళ ఉత్సాహం ఎక్కువగా పంక్చర్ దగ్గరో, ట్రాఫిక్‌లోనో, ‘ఇంకా రాలేదేం’ అని ఇంటినుంచి వచ్చే ఫోను దగ్గరో చచ్చిపోతుంది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ దారి 2023లో వచ్చింది. చక్కటి దారి. కానీ ఊరికి రెండో కొసన ఉన్న ఉప్పల్ నుంచో ఎల్బీ నగర్ నుంచో వెళ్ళాలంటే సైకిల్ కారెక్కించాలి, అక్కడ దించాలి, తొక్కాలి, మళ్ళీ ఎక్కించాలి. గంట తొక్కడానికి రెండున్నర గంటలు. ఆ మిగతా గంటన్నర ఇంట్లో ఇంకొకరి నిద్రలోంచో పనిలోంచో తీసుకోవాల్సిందే. ట్రైనర్ మీద 40 నిమిషాల సాధనకు 45 నిమిషాలు చాలు. అయిదింటికి ఎక్కితే, పాలవాడు వచ్చే వేళకు దిగిపోవచ్చు.

ఆ 40 నిమిషాలకు ఎంత విలువుందో లెక్క వేస్తే తెలుస్తుంది. ట్రయాథ్లాన్‌లో 70.3 పోటీ (ఆ అంకె మొత్తం దూరం, మైళ్ళలో) అంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు. సాధారణంగా గడువు ఎనిమిదిన్నర గంటలు. వంద మీటర్లకు మూడు నిమిషాల చొప్పున ఈత 57 నిమిషాలు. ఈతనుంచి సైకిల్‌కు మారే మొదటి మార్పిడికి 10. గంటకు 22 కిలోమీటర్ల వేగంతో సైకిల్ 4 గంటల 5 నిమిషాలు. రెండో మార్పిడికి 8. కిలోమీటరుకు 9 నిమిషాలతో పరుగు 3 గంటల 10 నిమిషాలు. కూడితే సరిగ్గా ఎనిమిదిన్నర! ఒక్క బూటు లేసు ఊడినా గడువు దాటిపోయినట్టే. అదే సైకిల్ వేగం 22 నుంచి 24కు పెరిగితే 20 నిమిషాలు మిగులుతాయి. అన్నే నిమిషాలు ఈతలో మిగల్చాలంటే వంద మీటర్లకు నిమిషం పైగా తగ్గాలి, పెద్దయ్యాక ఈత నేర్చుకున్నవాళ్ళకు అది ఏళ్ళ పని. నెమ్మదిగా సాగేవాళ్ళకు సాధన గిట్టుబాటయ్యేది సైకిల్ మీదే. మొదటి లక్ష్యం మాత్రం స్ప్రింట్ అనే చిన్న పోటీ పెట్టుకోండి: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 పరుగు. ఇవే వేగాలతో, కిలోమీటరుకు 8 నిమిషాల పరుగుతో, రెండు మార్పిడులకూ కలిపి 8 నిమిషాలు వేసుకుంటే రెండు గంటల అయిదు నిమిషాల్లో అయిపోతుంది. ఇంటిల్లిపాదీ వచ్చి చూసి, టిఫిన్ వేళకు తిరిగి వెళ్ళిపోవచ్చు.

ఇక బిగించడం. స్టాండుతో పాటు ఒక ఇనప క్విక్ రిలీజ్ కడ్డీ (చక్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే సన్న కడ్డీ) ఇస్తారు. సైకిల్‌కు ఉన్నది తీసి దీన్నే వేయాలి. సొంత కడ్డీ చివరలు స్టాండు గిన్నెల్లో సరిగా కూర్చోవు, గట్టిగా తొక్కినప్పుడు జారతాయి. వెనక చక్రానికి త్రూ యాక్సిల్ (ఫ్రేములోకి మరతో బిగించే లావుపాటి ఇరుసు) ఉంటే అడాప్టర్ లేకుండా ఇది పనికిరాదు. కార్బన్ ఫ్రేము అయితే తయారీదారు ట్రైనర్‌కు ఒప్పుకుంటున్నాడో లేదో ముందు చూడాలి. 25 మిల్లీమీటర్ల టైరులో 100 పీఎస్‌ఐ గాలి నింపి, రోలర్ టైరుకు తాకేదాకా మర తిప్పి, తాకాక ఇంకో రెండు, రెండున్నర చుట్లు బిగించాలి. పెడల్‌ను ఒక్కసారిగా తొక్కి చూస్తే టైరు జారకూడదు. జారితే పావు చుట్టు చొప్పున పెంచండి. అతిగా బిగిస్తే టైరు నడుమ అరిగి బల్లపరుపుగా అవుతుంది, నల్ల పొడి నేలంతా పడుతుంది. ట్రైనర్ టైరు అని విడిగా దొరుకుతుంది. తక్కువ అరుగుతుంది, చప్పుడూ తక్కువ. దాన్ని రోడ్డు మీద వాడొద్దు, తడిలో పట్టు ఉండదు. ముందు చక్రం కింద దిమ్మ పెట్టకపోతే సైకిల్ ముందుకు వాలి, బరువంతా అరచేతుల మీద పడుతుంది.

చెమట గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు. కదలని సైకిల్ మీద చెమట ఆరదు, కారుతుంది. కారేది సరిగ్గా హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ బోల్టుల మీద, దాని కింద హ్యాండిల్ తిరిగే బేరింగులున్న హెడ్‌సెట్ మీద. ఆరు నెలల్లో బోల్టు తలలు తుప్పు పట్టి, అలెన్ కీ తిరగకుండా అయిపోతాయి. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్ళలో ఉప్పుగాలి దానికి తోడు. హ్యాండిల్ మీద అడ్డంగా పాత తుండు పరచడం, దిగగానే తడిగుడ్డతో తుడిచి పొడిగుడ్డతో ఒత్తడం, నెలకోసారి ఆ బోల్టులు తీసి గ్రీజు రాయడం, ఈ మూడూ తప్పవు. ఫ్యాను ఎదురుగా, ఛాతీ ఎత్తున ఉండాలి. సీలింగ్ ఫ్యాను గాలి వీపుకు తప్ప దేనికీ తగలదు.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది అన్నిటికన్నా ముఖ్యం: తిరిగే చక్రపు పుల్లలు, టైరుకీ రోలర్‌కీ మధ్య సందు, రెండూ పసివేళ్ళకు ప్రమాదం. గది తలుపు లోపల గడియ పెట్టుకుని తొక్కాలి. దిగాక రోలర్ వదులు చేసి, చక్రానికి చైను తాళం వేయాలి. పిల్లలు పెడల్‌ను చేత్తో తిప్పి ఆడాలని చూస్తారు, ఊరికే ‘వద్దమ్మా’ అంటే ఆగరు. అపార్ట్‌మెంట్లో కింది ఇంటివాళ్ళకు వినిపించేది చప్పుడు కన్నా ఎక్కువగా అదురు. మందపాటి రబ్బరు చాప, దాని కింద పాత బొంత వేస్తే చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు కొత్తవాళ్ళ మనసు విరిచేసే అసలు లోపం. వెనక చక్రానికి పెట్టిన సెన్సర్ చూపే వేగానికి ట్రైనర్ మీద అర్థం లేదు. రోడ్డు వేగంతో దాన్ని పోల్చకండి. నెలకోసారి ఒకే పరీక్ష చేసి చూసుకోండి: అదే గేరు, లీవరు నాలుగో మెట్టు, పెడల్ నిమిషానికి 85 చుట్లు, పది నిమిషాల వార్మప్ తర్వాత ఇరవై నిమిషాలు, సగటు గుండె వేగం రాసిపెట్టుకోవడం. అదే పనికి గుండె తక్కువగా కొట్టుకుంటే మెరుగైనట్టే, పోటీలో చివర వచ్చినా సరే. అయితే టైరులో గాలి 10, 15 పీఎస్‌ఐ తగ్గినా, రోలర్ అర చుట్టు ఎక్కువ బిగిసినా భారం పెరుగుతుంది. గుండె వేగం అయిదారు ఎక్కువ చూపిస్తుంది. తొక్కేవాళ్ళు ‘నెలంతా కష్టపడి వెనక్కి పోయాను’ అనుకుని వదిలేస్తారు. తప్పు పంపుది. పరీక్షకు ముందు గాలి కొలవండి, మర ఎన్ని చుట్లు తిప్పారో లెక్క పెట్టండి, ఫ్యాను అదే చోట ఉంచండి. మే నెల అంకెను జనవరి అంకెతో పోల్చొద్దు. ఉక్కలో అదే పనికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. పోయిన మే నెలతో పోల్చండి.

వారానికి రెండు సాధనలు. మొదటిది: పది నిమిషాలు తేలిగ్గా, ఆపైన నాలుగేసి నిమిషాలు రెండు మూడు మాటలకు మించి పలకలేనంత గట్టిగా, రెండేసి నిమిషాలు తేలిగ్గా, అలా నాలుగు విడతలు, చివర ఆరు నిమిషాలు చల్లబడడం. మొత్తం నలభై. రెండోది: 45 నిమిషాలు, పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే ఊపులో. పోటీకి ఆరు వారాల ముందునుంచి ఇది దిగగానే బూట్లు మార్చుకుని కాలనీలో పది నిమిషాల పరుగు. మొదటి నాలుగు నిమిషాలు కాళ్ళు దిమ్మల్లా ఉంటాయి. ఆ బరువుకు అలవాటు పడడానికే ఇది. రోడ్డు మీదలా పల్లంలో పెడల్ ఆపే వీలు లేదు కాబట్టి ఇక్కడి నలభై అక్కడి నలభై కన్నా బరువు, కూర్చున్న చోటూ నొస్తుంది. ఎనిమిది నిమిషాలకోసారి అర నిమిషం లేచి తొక్కండి. 40 నిమిషాలకు 750 మిల్లీలీటర్ల మంచినీళ్ళు చాలు. దిగాక ఉప్పేసిన పల్చటి మజ్జిగ మిగతా పని చూసుకుంటుంది.

పిల్లాడికి రాత్రంతా జ్వరం ఉన్న రోజు సాధన లేదు, దాని గురించి ఆలోచనా వద్దు. మామూలు బద్ధకం రోజున పది నిమిషాలు తొక్కి, ఇంకా మనసు లేకపోతే దిగిపోండి. సైకిల్ స్టాండులోనే ఉంటే పదికి ఎనిమిదిసార్లు దిగబుద్ధి కాదు. విడదీసి అటక మీద పెడితే వారంలో వాడకం ఆగిపోతుంది. ఇల్లు చిన్నదైతే బాల్కనీ ఓ మూల దీనికి వదిలేయగలరా అని ఇంట్లో అడిగి, ఒప్పుకున్నాకే కొనండి. ఆ మాటలోనే ఇంకోటీ తేల్చుకోవాలి: రోడ్డు మీద పెద్ద సవారీ రెండు ఆదివారాలకు ఒకటే, రెండో ఆదివారం ఉదయం మొత్తం భార్యదో భర్తదో. వంటింటి క్యాలెండర్ మీద రెండూ ముందే రాసి ఉంటే ఆరోజు బేరాలుండవు.

బాలెన్సు, మలుపులు, ఒంటిచేత్తో సీసా తీసి తాగడం, ఎదురుగాలి, ఇవేవీ ట్రైనర్ నేర్పదు. ఆ రోడ్డు ఆదివారం అందుకే. తెర మీద ఊళ్ళు చూపిస్తూ ఇతరులతో పోటీ పెట్టే యాప్‌లు, సెన్సర్లు కలిపి వాడొచ్చు. నెలనెలా చందా ఉంటుంది. వెనకబడేవాళ్ళకు ఆ పట్టికలో ప్రతి ఉదయం తమ పేరు అడుగున చూసుకోవడం మేలు చేయదని నా అభిప్రాయం. గోడ మీద కాగితం, పెన్సిల్ చాలు.

మూడేళ్ళలో మార్చినవి: టైర్లు రెండు, లీవరు కేబులు ఒకటి. సెకండ్ హ్యాండ్ దొరికితే వెనకాడక్కర్లేదు. రోలర్‌ను చేత్తో తిప్పి వినండి, గరగరమంటే బేరింగ్ పోయింది. రోలర్ మీద గోరు ఆనించి అడ్డంగా జరపండి, గాడి తగిలితే టైరును తినేస్తుంది. లీవరు ఒకటినుంచి ఎనిమిదికి మార్చి తొక్కినప్పుడు తేడా తెలియకపోతే కేబులు సాగింది, అది చిన్న ఖర్చే. ఆ ఇనప కడ్డీ మాత్రం అడిగి తీసుకోండి, అమ్మేవాళ్ళు ఎక్కువగా మర్చిపోయేది అదే.