ఊరూ పేరూ లేని ఎల్‌ఈడీ బల్బులతో జాగ్రత్త, రేడియో పనికిరాకుండా పోతుంది

తిరుపతిలో డబ్బా మీద కంపెనీ పేరు, అడ్రస్ లేని ఎల్‌ఈడీ బల్బులు సగం ధరకు దొరుకుతున్నాయని ఇంటి మొత్తానికీ కొనేసేవాళ్లు కాస్త ఆగండి. మేముండేది బైరాగిపట్టెడలో. అలా తెచ్చిన బల్బులు వెలుగు బాగానే ఇస్తున్నాయి. కానీ సాయంత్రం లైట్లు వేయగానే మా నాన్న వినే కడప స్టేషన్, అదే మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్, జుయ్యిమనే రొదలో మునిగిపోతోంది. పగలు మాత్రం శుభ్రంగా వినిపిస్తుంది.

ఎలక్ట్రీషియన్ ఎర్తింగ్ బాగాలేదన్నాడు. కొట్టువాడైతే "ఈ కాలంలో రేడియో ఎవురు వింటారు సామీ" అని నవ్వి, యాంటెన్నా బూస్టర్ చూపించాడు. అది మాత్రం కొనకండి. రొద ఇంట్లోనే పుడుతుంటే బూస్టర్ స్టేషన్‌తో పాటు దాన్నీ పెంచుతుంది.

పట్టుకోవడం కష్టమేమీ కాదు. బ్యాటరీ రేడియోలో ముల్లును స్టేషన్ లేని చోట పెట్టి, ఇంటి మెయిన్ ఆపేయండి. రొద ఆగిందా, దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఆగకపోతే పక్కింటిదో, వీధి లైటుదో. తర్వాత ఎంసీబీలు, అంటే మెయిన్ బోర్డులో ఒక్కో లైనుకు ఉండే స్విచ్‌లు, అన్నీ దించేసి మెయిన్ వేసి, వాటిని ఒక్కొక్కటే వేస్తూ పోవాలి. మాకు హాలు లైన్ వేయగానే మొదలైంది. రేడియోను బల్బు దగ్గరికి తీసుకెళ్తే మోత చెవులు పగిలేలా ఉంది, నాలుగడుగులు వెనక్కి వేస్తే తగ్గింది. మొబైల్ చార్జర్లనూ సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్‌నూ ఇలాగే చూడండి, అవీ తక్కువ తినలేదు.

బల్బు లోపల ఎల్‌ఈడీకి కరెంటు అందించే చిన్న సర్క్యూట్ ఉంటుంది, దాన్ని డ్రైవర్ అంటారు. అది కరెంటును సెకనుకు వేల సార్లు తుంచి ఇస్తుంది. ఆ రొద బయటికి పోకుండా ఫిల్టర్ కాయిల్ పెట్టాలి. ఒక బల్బు విప్పి చూస్తే బోర్డు మీద కాయిల్ బొమ్మ అచ్చు వేసి ఉంది, దాని చోట ఉత్త తీగముక్క టంకం పెట్టి ఉంది! ఇక ఇంటి వైరింగే వాటికి యాంటెన్నా. దూరదర్శన్ యాంటెన్నాల రోజుల్లో పక్కింట్లో మిక్సీ వేస్తే టీవీలో చుక్కలు పడేవి. మిక్సీ కాసేపటికి ఆగేది, ఈ బల్బులు పడుకునే దాకా వెలుగుతూనే ఉంటాయి.

కొనేటప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది అసలుదో కాదో తేలుతుంది. ఆ నంబరు కరెంటు భద్రతకే, రొద రాదని హామీ కాదు. అందుకని ముందు ఒక్కటే తెచ్చి, రేడియో పక్కన వెలిగించి చూసి, మిగతావి తీసుకోండి.

కొట్టువాడు మావి వెనక్కి తీసుకోలేదు. కొన్నప్పుడు బిల్లు అడిగితే ధర పెరుగుతుందన్న మనిషే, ఇప్పుడు "బిల్లుందా సామీ" అంటున్నాడు. ధర పెరిగినా సరే, బిల్లు రాయించుకోండి. అది చేతిలో ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినప్పుడు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది.