బెండు పైపా, బ్రయర్ పైపా? తక్కువ డబ్బులో ఏది మేలు

మా తాతకి ఈ బాధ లేదు. చుట్ట చుట్టుకునేవాడు, కాల్చుకునేవాడు, పీకని గోడవతలకి విసిరేసేవాడు. పైపు మొదలుపెట్టేవాడు మాత్రం పొగాకు కంటే ముందు పనిముట్టు కొనుక్కోవాలి. ముప్పై డాలర్లు పెట్టుకుని బయలుదేరితే అమెరికాలో మూడు రకాలు దొరుకుతాయి: మొక్కజొన్న బెండు పైపు, చవకలో కొత్త బ్రయర్ (ఒక రకం గట్టి చెక్క) పైపు, ఎవరో తాగి వదిలేసిన పాత బ్రయర్ పైపు. మట్టి పైపు కూడా ఉంది గానీ, పొగాకు కూరే గిన్నె పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, జారిందంటే రెండు ముక్కలు. దాన్ని వదిలేద్దాం.

నేను మొదట కొన్నది చవక బ్రయర్. సెయింట్ లూయిస్‌లో ఒక పొగాకు దుకాణంలో బుట్టలో పోసి అమ్ముతుంటే, అన్నిటికంటే బాగా మెరిసేదాన్ని ఏరుకున్నాను. నాలుగోసారి ముట్టించేసరికి అంచు దగ్గర వార్నిష్ బుడగలు లేచింది. గోటితో గీరితే పెచ్చు ఊడింది. దాని కింద పెసరబద్దంత గులాబీరంగు మచ్చ. చెక్క కాదు, పుట్టీ!

బ్రయర్ అంటే మధ్యధరా సముద్రపు ఒడ్డున పెరిగే ఒక పొద మొదట్లో ఊరే గడ్డ. దాన్ని కోసి, గంటల తరబడి ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి చెక్కుతారు. నిప్పుకి బాగా ఓర్చుకుంటుంది. ఫ్రాన్స్‌లో సెయింట్ క్లాడ్ అనే ఊరు 19వ శతాబ్దం నుంచి ఈ పనికి పేరుపడింది. అయితే గడ్డలో సహజంగానే గుంతలుంటాయి. గుంతల్లేని ముక్క ఖరీదైన పైపవుతుంది. ఉన్నదాన్ని పుట్టీతో పూడ్చి, ముదురు రంగేసి, పైన వార్నిష్ కొడితే బుట్టలోకి వస్తుంది. నిజం చెప్పాలంటే పుట్టీ చేసే హాని పెద్దగా లేదు, చూడ్డానికే లోటు. వేడిని, తేమని బయటికి పోనివ్వని ఆ మందపాటి వార్నిష్‌తోనే తంటా.

కొత్త బ్రయరే కావాలంటే డాక్టర్ గ్రేబో పైపులు కొంత నయం. నార్త్ కరోలినాలోని స్పార్టాలో తయారైన పేరున్న సరుకు. అందం సంగతి అడగొద్దు గానీ, పని చేస్తాయి.

ఇక బెండు పైపు. మన ఊళ్లలో గింజలు ఒలిచేశాక బెండుని పొయ్యిలో పెడతాం. మిస్సోరీ నది ఒడ్డున వాషింగ్టన్ అనే చిన్న ఊళ్లో దాన్నే పైపు చేస్తారు. హెన్రీ టిబ్బీ అని డచ్చి దేశం నుంచి వచ్చిన వడ్రంగి ఉండేవాడు. ఒక రైతు బెండు తెచ్చి, దీన్ని పైపుగా చెక్కిపెట్టమన్నాడట. అలా 1869లో మొదలైన మిస్సోరీ మీర్‌షామ్ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. బెండు పైనుండే గరుకు గుంతల్లో ప్లాస్టర్ నింపి నున్నగా చేసే పద్ధతికి టిబ్బీ 1878లో పేటెంటు తీసుకున్నాడు. బెండు లావుగా, గట్టిగా రావాలని ప్రత్యేకమైన రకం మొక్కజొన్న వేస్తారు, కోశాక రెండేళ్లు ఆరబెడతారు. రెండో ప్రపంచయుద్ధం నాటి ఫొటోల్లో అమెరికా సేనాని జనరల్ మెకార్థర్ నోట్లో పొడుగాటి గిన్నెతో కనిపించేది ఈ పైపే.

ధర పది డాలర్లకి అటూ ఇటూ. చేతిలో పెడితే బరువే తెలీదు. తేమ పీల్చుకుంటుంది కాబట్టి గబగబా లాగే కొత్తవాడి నాలుకని కూడా కాస్త కాపాడుతుంది. బ్రయర్ అయితే లోపల మసి పొర కట్టేదాకా ఓపిక పట్టాలి. దీనికి ఆ అవసరం లేదు.

లోపం లేదా అంటే ఉంది. గిన్నెలోకి తొంగిచూడండి: చాలా వాటిలో చెక్క కాడ కొస అడుగున అరంగుళం దాకా పొడుచుకొచ్చి ఉంటుంది. మొదటి నాలుగైదు సార్లు అది మాడి, కాలిన కర్ర వాసన కొడుతుంది. అడుక్కంటా లాగకుండా కాస్త మిగిల్చి దులిపేస్తే సరి. ప్లాస్టిక్ మూతి మీద పంటిగాట్లు తొందరగా పడతాయి. ఏడాదో రెండేళ్లో వాడాక అడుగు మాడిపోవచ్చు. పది డాలర్లే కదా, ఇంకోటి కొంటాం.

పాత బ్రయర్ పైపులో అసలు లాభం ఉంది, చూసి కొనడం తెలిస్తే. పాత సామాన్ల దుకాణాల్లో పాతిక లోపు మంచి చెక్క దొరుకుతుంది. మూతి ఆకుపచ్చగా మారి ఉంటే భయపడొద్దు, రబ్బరు ఎండకి అలా అవుతుంది, రుద్దితే పోతుంది. చూడాల్సింది గిన్నె గోడకి పగులుందా, ఎక్కడైనా మాడి పల్చబడిందా అని. తర్వాత మూతిలోంచి పైపు క్లీనర్ (నూలు చుట్టిన సన్నటి తీగ) దూర్చాలి. కొస సరిగ్గా గిన్నె అడుగున తేలిందా, మంచి పైపు. పైకి తేలితే అడుగున ఎప్పుడూ తడి పొగాకు మిగిలిపోతుంది. ఎవరి ఎంగిలో అని రోత పుడితే, గిన్నెలో రాళ్లుప్పు నింపి, ఆల్కహాల్ పోసి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి ఉప్పు టీ డికాషన్ రంగులోకి మారుతుంది.

పైపు పొగ మింగం కదా, సిగరెట్టులా కాదు అనేవాళ్లున్నారు. నోటి క్యాన్సరుకి ఆ తేడా తెలీదు. అలవాటు లేనివాళ్లు ఈ చదివినదానితో సరిపెట్టుకోవడం మంచిది.

అలవాటున్నవాళ్లకి నా మాట: రెండు బెండు పైపులు. ఒక్కటి కాదు, రెండు. ఏ పైపైనా ఒకసారి తాగాక ఒకరోజు ఆరాలి. ముప్పై పెట్టి ఒక్క బ్రయర్ కొన్నవాడు ఆరనివ్వడు, అది చేదెక్కుతుంది, తప్పు పొగాకు మీదికి పోతుంది. పైగా వెనిల్లా వాసన పొగాకు ఒకసారి పట్టిందంటే బ్రయర్‌ని ఓ పట్టాన వదలదు. రెండుంటే ఒకటి దానికి, ఒకటి బర్లీ అనే మామూలు పొగాకుకి. మిగిలిన డబ్బుతో క్లీనర్ల కట్ట కొనండి. పొగాకు అదమడానికి అంటూ దుకాణంలో ఇంకో వస్తువు చూపిస్తారు. ఇంట్లో వెడల్పు తల ఉన్న మూడంగుళాల మేకు ఉండే ఉంటుంది, అది చాలు.