లక్షా నలభై వేల కిలోమీటర్లు, ఒక అట్టముక్క

అమలాపురం దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. వాటి మీదకి తిరగడానికే 2016లో ఈ 2.2 లీటర్ల డీజిల్ ఎస్‌యూవీ కొన్నాను. ఏటిగట్టు మీద, వానాకాలం బురదలో ఎప్పుడూ మొరాయించలేదు. ఏసీ, సీట్లు, పికప్ మీద నాకు ఫిర్యాదు లేదు. నన్ను ఏడిపించింది ఆయిల్ లీకులే.

మూడేళ్ల కిందట పోర్టికోలో ఇంజన్ కింద రూపాయి బిళ్లంత మరక కనబడింది. ఒక షెడ్డులో చూపిస్తే, కిందకి దూరి చూసి "వెనక ఆయిల్ సీల్ పోయిందండి, గేర్‌బాక్స్ దింపాలి" అన్నారు. రెండు రోజులు, 18,000 రూపాయలు. వారం తిరక్కుండా మళ్లీ అదే మరక!

అప్పుడు రావులపాలెంలో ఒక పెద్ద మేస్త్రిగారి దగ్గరికి వెళ్లాను. "అక్కడ కాదండి బాబూ, పైనెక్కడో కారి కిందకొస్తందండి" అన్నాడాయన. డీజిల్, బ్రష్‌తో ఇంజన్ అంతా కడిగించి, ఆరబెట్టి, మొహానికి రాసుకునే పౌడర్ చల్లాడు. సిద్ధాంతం వంతెన దాటి వెనక్కి వచ్చేసరికి తెల్లటి పౌడర్ మీద తడి చార స్పష్టంగా ఉంది. ఇంజన్ పైన మూతలా ఉండే టాపెట్ కవర్ వెనక మూల నుంచి ఇంజన్ మీదుగా దిగి, సరిగ్గా గేర్‌బాక్స్ అతుకు దగ్గర చుక్కలు పడుతోంది. పాపం ఆ సీల్ తప్పేమీ లేదు. ఆయిల్ కారకుండా కవర్ అంచున వేసే గాస్కెట్ రబ్బరు ఎండి, వేలితో వంచితే అప్పడంలా విరిగింది. కొత్తది వేశాం.

నాలుగు నెలలకి మళ్లీ చెమ్మ. ఈసారి ఆయన ఇంజన్ ఆన్‌లో ఉంచి ఆయిల్ పోసే మూత వదులు చేశాడు. మూత గజగజ ఎగిరింది, పొగ బుస్సుమంది. పిస్టన్ రింగుల పక్క నుంచి కిందకి జారే గ్యాసు బ్రీదర్ పైపులోంచి బయటికి పోవాలి. అది మడ్డితో పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న గాస్కెట్‌ని నెట్టుకుని ఆయిల్ వస్తుంది. బ్రీదర్ శుభ్రం చేశాక మూత కుదురుగా కూర్చుంది. రింగులే అరిగి ఉంటే ఈ వైద్యం పనిచేసేది కాదు, ఆ టెన్షన్ తప్పింది.

మూడోది మన ప్రాంతపు జబ్బు. సముద్రపు గాలి, రొయ్యల లారీల నుంచి రోడ్డంతా కారే ఉప్పునీళ్లు కలిసి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టిని, అదే సంప్‌ని, తుప్పు పట్టించాయి. సూదిబెజ్జమంత కన్నం పడింది. పుట్టీ పెడితే నెల ఆగింది, తర్వాత సంప్ మార్చక తప్పలేదు. సంప్ అతికించడానికి రాసే సిలికాన్ పేస్టు మాత్రం సన్నటి గీతలా పెట్టించండి. ఎక్కువైతే లోపలికి పిండుకుని, ముక్కలు తెగి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడతాయి. సర్వీసు చేసినప్పుడల్లా పాత ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వేయమని నేనే గుర్తుచేస్తాను, లేకపోతే పాతదే బిగించేస్తారు.

చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ వచ్చిన పెట్టె అట్టముక్క, చుక్క పడితే తెలియడానికి, ఇప్పటికీ రాత్రిపూట బండి కిందే ఉంటుంది. ఈమధ్య ఆయిల్ ఫిల్టర్ దగ్గర కొంచెం చెమ్మ ఉంది. అట్ట మీద చుక్క పడట్లేదు, ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్‌లో మట్టం దిగట్లేదు. వచ్చే సర్వీసు దాకా దాన్ని ముట్టుకోను.