గల్లగురిగి, పిల్లి డబ్బా, పైపు ముక్క: చిల్లర దాచడానికి ఏది మేలు?

మా ఇంట్లో ఇప్పుడు చిల్లర వేసే గల్లలు మూడున్నాయి, మూడూ మూడు తీర్లు. ఒకటి దీపావళికి ప్రమిదలు కొనబోయి హనుమకొండలో కుమ్మరామె దగ్గర తెచ్చిన మట్టి గల్లగురిగి. రెండోది చిన్నోడి బర్త్‌డేకి వచ్చిన, బిళ్ళ లాక్కునే పిల్లి. మూడోది మా బావమరిది బోరు పనిలో మిగిలిన పైపు ముక్కతో చేసిచ్చినది. ఏడాదిగా మూడింట్లోనూ వేస్తున్నాం కాబట్టి నాకు తెలిసింది చెప్తా.

ముందు పిల్లి సంగతి, ఎందుకంటే ఇంటికి ఎవరొచ్చినా దాన్నే ముట్టుకుంటారు. రెండు పెన్సిల్ సెల్లులు వేయాలి. ముందున్న పళ్ళెం మీద బిళ్ళ పెడితే మ్యావ్ అని మూత లేస్తుంది, లోపలినుంచి చెయ్యి వచ్చి బిళ్ళను గీరుకుని పోతుంది. భలే ఉంటుంది, కాదనను. మా చిన్నోడు మొదటి వారమంతా పొద్దున, సాయంత్రం దాని ముందే కూర్చుని వేస్తుంటే వీడికి పొదుపు అలవాటైందని మేం మురిసిపోయాం, తీరా అడుగు మూత తీసి చూస్తే ఉన్నవి ఏడు రూపాయలు! వేయడం, కింద మూత తిప్పి తీయడం, మళ్ళీ అదే బిళ్ళ వేయడం, పిల్లి చెయ్యి చూడ్డానికే ఈ తతంగమంతా. ఇంకో తకరారు ఏంటంటే 2019 తర్వాత వచ్చిన చిన్న రూపాయి బిళ్ళ 3.09 గ్రాములే, దానికి మా పిల్లి పళ్ళెం దిగదు, వేలితో నొక్కాలి. పది రూపాయల బిళ్ళ 7.7 గ్రాములు, అది పెడితే మాత్రం టక్కున లేస్తుంది. పిల్లికి కూడా చిన్న బిళ్ళంటే అలుసే.

మా అక్క బిడ్డ దగ్గర పాస్‌వర్డ్ ఉన్న ఏటీఎం బొమ్మ ఉంది. ఆ నాలుగంకెలు ఇంట్లో అందరికీ తెలుసు. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

ఇక గల్లగురిగి. అరవై రూపాయలు. మూత లేదు, సెల్లు లేదు, ఒక్క సందు తప్ప ఏమీ లేదు, పైసలు కావాలంటే పగలగొట్టాల్సిందే. ఈ పద్ధతి మనదొక్కటే కాదు, ఇండోనేషియాలోని జావాలో మజపహిత్ రాజ్యం నాటి, అంటే 14, 15 శతాబ్దాల మట్టి పంది గల్లలు దొరికాయి, వాటిలో ముక్కలైనవే ఎక్కువ, సాబూతుగా మిగిలినవి తక్కువ. పగలగొడితేనే కదా పైసలొచ్చేది.

కానీ పగలగొట్టకుండా తీసే ఉపాయం ఒకటుంది, చిన్నప్పుడు నేనే చేసిన. గురిగిని తలకిందులు పట్టుకుని సందులో కూరగాయల చాకు దూర్చి మెల్లగా ఊపితే బిళ్ళలు చాకు మీద పడుకుని ఒక్కొక్కటే జారుకుంటూ వస్తాయి. ఐసుక్రీముకు సరిపడా తీసి మళ్ళీ మూలకు పెట్టేవాణ్ణి, మా నాయినమ్మ మాత్రం చేత్తో లేపి బరువు చూసి పట్టేసేది. అందుకే ఇప్పుడు సందు నెత్తిన కాకుండా భుజం దగ్గర ఉన్న గురిగి చూసి కొంటున్నా. తలకిందులు చేస్తే బిళ్ళలన్నీ పైమొనలోకి పోతాయి, సందు దగ్గరికి అంత సులువుగా రావు. కొనేటప్పుడు జేబులో ఒక పది రూపాయల బిళ్ళ తీసుకుపోండి. పది, ఇరవై రూపాయల బిళ్ళలు రెండూ 27 మిల్లీమీటర్ల వెడల్పు, రూపాయి కొలతకు కోసిన సందులో దూరవు. నేను చూసుకోకుండా కొని ఇంటికొచ్చాక రంపం బ్లేడుతో గీకాల్సి వచ్చింది, పక్కన చిన్న పెచ్చు కూడా లేచిపోయింది.

పైపుది వేరే లెక్క. 32 ఎంఎం పైపు, అడుగున మూత అంటించాడు, పైమూత ఊరికే పెట్టి ఉంటుంది. పది రూపాయల బిళ్ళలను పడుకోబెట్టి వదిలితే ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేరుకుంటాయి. పక్కన రంపంతో సన్నగా కోసిన గీత లోంచి ఎంతవరకు వచ్చిందో కనిపిస్తుంది. సుమారు 18 సెంటీమీటర్ల దగ్గర పెన్నుతో గుర్తు పెట్టాడు, అక్కడికొస్తే వంద బిళ్ళలు, వెయ్యి రూపాయలు. బ్యాంకుకు కూడా వందేసి బిళ్ళలు కవర్లో కట్టి ఇస్తే వాళ్ళకూ మనకూ సులువు. మేడారం జాతర హుండీలు హనుమకొండలో లెక్కపెట్టడానికి రోజులకు రోజులు పడుతుంది, మాకు ఈ పైపుతో లెక్కే అవసరం లేదు.

పైగా మా దిక్కు పది బిళ్ళ ఇస్తే ఇప్పటికీ కొందరు ‘నడవది’ అని మొహం తిప్పుకుంటారు. 14 రకాల పది బిళ్ళలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది, అయినా కిరాణా కొట్టులో వాదన పెట్టుకునే ఓపిక ఎవరికుంది, తెచ్చి పైపులో వేస్తున్నా. అట్లని నిండిన పైపులు రెండు మూడు పట్టుకుపోయి సైకిల్ కొందామంటే కుదరదు. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై బిళ్ళలు వెయ్యి రూపాయల వరకే చెల్లుబాటు, అంతకు మించితే తీసుకోవాలా వద్దా అనేది దుకాణపాయన ఇష్టం. ముందు బ్యాంకులో వేసుకోవడమే నయం.

పైపుకు రెండు లోపాలు. రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు అందులో ఒరిగిపోయి వరుస చెడుతుంది. రెండోది, మూత చేత్తో వస్తుంది. పోయిన నెల పెట్రోల్‌కని పది రూపాయల బిళ్ళలు ఇరవై తీసిన, ఇంకా తిరిగి వేయలేదు.

కాబట్టి ఐదారేళ్ళు దాటిన పిల్లలున్న ఇంట్లో ఒక్కటే కొనాలంటే నా ఓటు గురిగికే. పైపు పెద్దవాళ్ళకు, అదీ నాలాంటి వాళ్ళకు కాదు. పిల్లిని ఆటవస్తువు కిందే కొనండి, గల్ల అనుకోకండి.

పగలగొట్టేటప్పుడు మాత్రం గురిగిని పాత తువ్వాలలో చుట్టి కొట్టండి. మేం పోయినసారి నట్టింట్లో అట్లనే కొట్టినం, దసరాకు ఇల్లు సాఫు చేస్తుంటే సోఫా కింద ఒక ఇరవై రూపాయల బిళ్ళ, నాలుగు పెంకులు దొరికాయి.