కావలిలో సంస్మరణ పుస్తకం వేయించాం, ప్రింటు సూపర్, ఫొటో దగ్గరే గొడవ

పోయిన నెల మా అమ్మమ్మ పోయింది, 91 ఏళ్ళు. పెద్దకర్మ రోజు పంచడానికి చిన్న పుస్తకం వేయిద్దామని మామయ్య అంటే కావలి ట్రంకు రోడ్డులో ఒక ప్రింటింగ్ షాపుకి పోయాం, తిట్లు కూడా రాస్తున్నా కాబట్టి పేరు పెట్టట్లేదు. 16 పేజీలు, ఆర్ట్ పేపరు, మధ్యలో పిన్ను, 150 కాపీలు, ఒక్కోటి 48 చెప్పి బేరమాడితే 45కి దిగాడు. నాలుగు రోజుల్లో ఇచ్చేశాడు, కలర్లు బాగొచ్చాయి.

వీళ్ళ దగ్గర రెడీమేడ్ మేటర్ ఒకటుంది, పేరు మార్చి అందరికీ అదే వేసేస్తారు. ఆదర్శ గృహిణి, దైవభక్తి, అన్నపూర్ణ, ఇదీ వరస. అబద్ధమేం కాదులే, ఐదుగురు పిల్లల్ని పెంచింది, గుడికీ పోయింది. కానీ 1995లో పల్స్ పోలియో మొదలైన కాడ్నించి ఆదివారం బూత్‌లో కూర్చుని పిల్లల చిటికెన వేలికి గుర్తు పెట్టేది, రాని పిల్లల కోసం సోమవారం ఇల్లిల్లూ తిరిగేది, పైసా రాదు, టీ ఖర్చు కూడా తనదే, అదెక్కడ రాస్తారు మరి? ఆ మేటర్ తీసేయమని నేనే రాసి వాట్సాప్‌లో పంపా.

అక్కడ మొదలైంది కామెడీ. వాళ్ళ పాత ఫాంట్‌లోకి మార్చేసరికి ఒత్తులన్నీ ఎగిరిపోయి అమ్మమ్మ కాస్తా అమమ అయింది. దానికి తోడు డీటీపీ చేసే కుర్రాడు ఫోన్ చేసి "అక్కా, సారా పాట అని రాశారు, ఏ పాట, లింక్ పంపితే క్యూఆర్ కోడ్ పెడతా" అన్నాడు. ఆ బాధలోనూ నవ్వొచ్చింది. పాట అంటే వేలం పాట నాయనా, సారా కొట్లకి ప్రభుత్వం పాడించేది. దూబగుంట ఆడోళ్ళు రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుని ఊళ్ళో సారా కొట్టు మూయించాక జిల్లా అంతా అంటుకుంది, 1992లో నెల్లూరులో పాట జరగనీకుండా ఆడోళ్ళు గుంపులుగా పోయి అడ్డం కూర్చున్నారు, రాత్రిబడిలో పలకలు దిద్దించే మా అమ్మమ్మ కూడా పులిహోర క్యారేజీ పట్టుకుని పోయింది, తాతయ్యకి చెప్పకుండా. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. కుర్రాడు మొత్తం విని ఆ పేజీని మధ్యలోకి మార్చాడు, పిన్ను దగ్గర పుస్తకం తెరిస్తే అదే కనపడుతుందని. ఆ ఐడియా వాడిదే, ఒక స్టార్ అచ్చంగా దానికే.

ఇక అట్ట మీద ఫొటో. అడక్కుండా ముడతలన్నీ తీసేసి, తెల్లగా చేసి, మెడలో నెక్లెస్ వేశాడు. జన్మలో నల్లపూసలు తప్ప వేసుకోని మనిషి! అరిచాక అట్టలు మళ్ళీ వేశాడు, డబ్బులు అడగలేదు. మీరు మాత్రం ప్రూఫ్ ఫోన్‌లో చూసి ఓకే అనకండి, షాపుకెళ్ళి కాగితం మీద చూడండి.

4/5. నెక్లెస్ ఫొటో మాత్రం మా అత్తకి తెగ నచ్చేసి ఫ్రేమ్ కట్టించుకుంది, ఇప్పుడు వాళ్ళ హాల్లో అదే ఉంది.